కుప్వాడ్ పల్లె చెప్పిన వ్యాకరణం

మహారాష్ట్రలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో, సాంగ్లీని ఆనుకుని కుప్వాడ్ ఉంది. ఇవాళ అది ఫ్యాక్టరీల ప్రాంతం. 1998 నుంచి సాంగ్లీ, మిరజ్‌లతో కలిసి ఒకే నగరపాలక సంస్థ. 1960లలో మాత్రం సుమారు 3,000 మంది ఉండే పల్లె. భాషాశాస్త్రం చదువుకున్నవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఆ పల్లె పేరు వినే ఉంటారు. పుస్తకాల్లో అది ‘కుప్వార్’.

ఆ ఊళ్ళో ఇంటిభాషలు నాలుగు. లింగాయతులదీ, భూములున్న జైనులదీ కన్నడం. ముస్లింలది ఉర్దూ. భూమిలేని దళిత కూలీలది మరాఠీ. తాళ్ళు పేనే కుటుంబాలది తెలుగు. కన్నడం, మరాఠీ ఆ నేల మీద ఆరు శతాబ్దాలకు పైగా పక్కపక్కనే ఉన్నాయి. ఉర్దూ మూడు నాలుగు శతాబ్దాల కిందట వచ్చి చేరింది. ఊరి మగవాళ్ళలో దాదాపు అందరికీ ఒకటికి మించి భాషలు వచ్చు.

అక్కడికి వెళ్ళి ఆ మాటలు విన్నవాడు జాన్ గంపర్జ్. జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల కాలంలో దేశం విడిచి అమెరికా చేరిన పండితుడు. రాబర్ట్ విల్సన్‌తో కలిసి ఆయన రాసిన కుప్వార్ వ్యాసం 1971లో అచ్చయింది. అందులో తేలిన సంగతి విచిత్రమైనది. ఊరివాళ్ళు మాట్లాడే కన్నడం, మరాఠీ, ఉర్దూ వాక్యాలను ఒకదాని కింద ఒకటి రాస్తే మాటకు మాట, ప్రత్యయానికి ప్రత్యయం సరిపోతున్నాయి. పదాలు మాత్రం వేరు. మరాఠీవాడు ‘కాపూన్’ అన్నచోట ఉర్దూవాడు ‘కాట్ కే’ అంటాడు. తెలుగులో మనం ‘కోసి’ అంటాం. చెప్పే పద్ధతి ఒక్కటే, పలికే మాట ఎవరిది వాళ్ళదే.

ఇది ఎంత పెద్ద మార్పో బళ్ళో హిందీ చదివిన తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రోటీ స్త్రీలింగం ఎందుకయింది, ఇల్లు పుంలింగం ఎందుకయింది అన్న ప్రశ్నకు జవాబు దొరక్క మార్కులు పోగొట్టుకున్న పిల్లలు ఇంటికొకరు. హిందీ ఉర్దూల్లో ప్రాణంలేని వస్తువుకూ లింగం ఉంటుంది, క్రియ దాన్ని అనుసరిస్తుంది. మరాఠీలో మూడు లింగాలు, వాటి పంపకం కూడా అర్థాన్ని బట్టి ఉండదు. కన్నడంలో అర్థమే కొలత: మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు, మిగిలిన లోకమంతా నపుంసకం. కుప్వార్‌లో మూడు భాషలూ ఈ కన్నడ పద్ధతికే వచ్చేశాయి. ప్రామాణిక ఉర్దూలో నది ‘ఆయీ’. కుప్వార్ ఉర్దూలో నది ‘ఆయా’. దాన్ని తప్పు అనడం సులువు. కానీ తరతరాలుగా పొలంలో, అంగట్లో పక్కవాడితో బతికిన మనుషులు తమకు తెలియకుండానే కుదుర్చుకున్న ఒప్పందం అది.

ఇంత దగ్గరైనవాళ్ళు ఒకే భాషకు ఎందుకు మారిపోలేదు? వ్యాసంలో అసలు విలువైన భాగం ఈ ప్రశ్నే. గంపర్జ్, విల్సన్‌ల సమాధానం ఇల్లు. బయట పనులు కలిసి చేసుకున్నా, గడప లోపలి బతుకు ఏ కులానిది ఆ కులానిదే, ఏ మతానిది ఆ మతానిదే. గడప దాటితే మరాఠీ అందరికీ మధ్యభాష. గడప లోపల మాత్రం ఎవరి మాట వాళ్ళ గుర్తు. ఇతరుల చెవికి ముందుగా తగిలేది పదం కాబట్టి, మేము ఫలానావాళ్ళం అని చాటడానికి పదం చాలు. వాక్యనిర్మాణం అంత తేలిగ్గా పట్టుబడదు. అందుకే దాన్ని కలిసి వాడుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ వేరువేరు గడపల వెనుక అంటరానితనం కూడా ఉందన్న సంగతి పక్కన పెట్టకూడదు. నాలుగు భాషలు నిలిచిన ఊరిని చూసి మురిసిపోయే ముందు, ఎవరు ఎవరింట్లోకి అడుగుపెట్టగలిగేవారో కూడా అడగాలి.

హైదరాబాదువాళ్ళకు ఇందులో కొంత ఎరుకే. దక్కనీ ఉర్దూలో ‘మైఁనే రోటీ ఖాయీ’ అనరు, ‘మైఁ రోటీ ఖాయా’ అంటారు. ‘వస్తానని చెప్పాడు’లో తెలుగువాళ్ళు ‘అని’ పెట్టే చోట దక్కనీలో ‘బోల్‌కే’ వస్తుంది. ఉత్తరాది చెవికి అది మోటుగా వినిపించవచ్చు. తెలుగు చెవికి మాత్రం సొంత వాక్యమే ఉర్దూ మాటలతో తిరిగి వచ్చినట్టు ఉంటుంది.

భారతదేశపు భాషలు వేరువేరు కుటుంబాలవైనా ఒకదాని లక్షణాలు మరొకదానిలోకి పాకి, దేశమంతా ఒకే భాషాక్షేత్రంలా తయారైందని భాషాశాస్త్రవేత్త ఎం.బి.ఎమెనో వ్యాసం రాసింది 1956లో. అదే సంవత్సరం నవంబర్ 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి వచ్చి, ఆంధ్రప్రదేశ్, కొత్త మైసూరు రాష్ట్రం ఏర్పడ్డాయి. 1960 మే 1న మహారాష్ట్ర వచ్చింది. పటం మీద భాషకొక గీత పడింది. నేల మీది మాటల్లో అలాంటి గీత లేదు.

ఆ గీత ఊరికే ఉండదు. బడి ఏ భాషలో నడుస్తుంది, అర్జీ ఏ భాషలో రాయాలి, ఉద్యోగానికి ఏ భాష కావాలి అన్నవి గీతను బట్టే తేలతాయి. పుణె దక్కన్ కళాశాలకు చెందిన భాషాశాస్త్రవేత్త సోనల్ కులకర్ణి-జోషి నలభై ఏళ్ళ తర్వాత కుప్వాడ్‌ను మళ్ళీ పరిశీలించారు. ఒకే వ్యాకరణం అన్న పాత నమూనా ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించారు. భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చాక ఆ ప్రాంతంలో మరాఠీ స్థానం మారిన తీరును లెక్కలోకి తెచ్చారు. గంపర్జ్ చూసిన పల్లెలో మరాఠీ నలుగురి మధ్య ఉన్న భాష. ఇప్పుడది రాష్ట్రం భాష, బడి భాష కూడా. పాత సమతూకాన్ని ఇంటి గడప ఒక్కటే కాపాడాలంటే కష్టం.

మరి తాళ్ళు పేనేవాళ్ళ తెలుగు? గంపర్జ్, విల్సన్‌లు పోల్చి చూపింది కన్నడం, మరాఠీ, ఉర్దూలనే. తెలుగు పేరు ఊరి వివరాల్లో ఉంది, పోలికలో లేదు. ప్రపంచమంతా చదివిన వ్యాసంలో తెలుగు మాట్లాడినవాళ్ళున్నారు, వాళ్ళ వాక్యాలు లేవు. తెలుగు పాఠకుడికి ఇది గుచ్చుకునే లోటు.

ఆ లోటును ఇంకోచోట పూడ్చే వీలుంది. సాంగ్లీకి ఈశాన్యాన షోలాపూర్‌లో తెలంగాణ నుంచి మగ్గం పని మీద వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ప్రాణహిత అవతల సిరొంచలో తెలుగు పల్లెలున్నాయి. అక్కడ ఓ సాయంత్రం కూర్చుని వినవలసినవి చిన్నచిన్న సంగతులే. తెలుగులో అమ్మ వచ్చింది, పుస్తకం వచ్చింది, రెంటికీ ఒకటే క్రియ. మరాఠీలో అమ్మ ‘ఆలీ’, పుస్తకం ‘ఆలం’. రెండు భాషలూ ఒకే నోట్లో పెరిగిన మనవరాలు తెలుగు మాట్లాడేటప్పుడు అమ్మకూ పుస్తకానికీ వేరే క్రియ వాడుతోందా? ఆమె మరాఠీలో అమ్మమ్మ తెలుగు ఎక్కడైనా తొంగిచూస్తోందా? ఆ అమ్మమ్మలు మాట్లాడుతుండగానే ఎవరైనా వెళ్ళి రికార్డు చేసుకోవాలి.