వృత్తి బాస్కెట్‌బాల్‌లో జట్టు కూర్పు - అగ్రశ్రేణి క్రీడాకారుల ప్రమేయం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జట్టులోకి ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది సంప్రదాయంగా యాజమాన్యం నిర్ణయించే విషయం. అమెరికాలోని ఎన్.బి.ఎ. జట్లలో మాత్రం ఈ నిర్ణయాలపై అగ్రశ్రేణి క్రీడాకారుల ప్రభావం క్రమంగా పెరిగింది. ఆ ప్రభావానికి మూలాలేమిటి, దాని ఫలితాలెలా ఉన్నాయి, దానికి హద్దు ఎక్కడ ఉండాలి అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బాస్కెట్‌బాల్, ఎన్.బి.ఎ., జట్టు కూర్పు, వేతన పరిమితి, ఆటగాళ్ళ బదిలీ.

1. ప్రవేశిక:
బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు తరఫున ఒకేసారి ఆడేది ఐదుగురే. పదకొండుమంది ఆడే క్రికెట్, ఫుట్‌బాల్ క్రీడలతో పోలిస్తే ఇందులో ఒక్క ఆటగాడి వాటా చాలా పెద్దది. అతడు 48 నిమిషాల ఆటలో అధికభాగం మైదానంలోనే ఉండి, దాడిలోనూ రక్షణలోనూ పాల్గొంటాడు. క్లీవ్‌లాండ్ జట్టు అనుభవం ఇందుకు నిదర్శనం. 2009-10లో 61 ఆటలు గెలిచిన ఆ జట్టు, లెబ్రాన్ జేమ్స్ మయామీకి వెళ్ళిన మరుసటి ఏడాది 19 మాత్రమే గెలిచింది. అతడు 2014లో తిరిగివచ్చి, 2018లో మళ్ళీ విడిచి వెళ్ళినప్పుడు కూడా 50 గెలుపులు 19కి పడిపోయాయి. ఒక్కడి నిష్క్రమణ ఇంత నష్టం కలిగించేచోట అతడి మాటకు విలువ పెరగడం సహజం.

2. ప్రభావానికి మూలాలు:
ఒకప్పుడు ఒప్పందకాలం ముగిసినా ఆటగాడిపై జట్టు హక్కు కొనసాగేది. ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరుతో 1970లో దాఖలైన వ్యాజ్యం 1976లో రాజీతో ముగిసి, ఆ పద్ధతిని సడలించింది. 1988 నుండి నిర్ణీత అర్హత గల ఆటగాళ్ళు, ఒప్పందం ముగియగానే నచ్చిన జట్టులో చేరే పూర్తి స్వేచ్ఛను పొందారు.

రెండవ మూలం వేతన నియమాలలో ఉంది. 1999 ఒప్పందం ఒక్కొక్క ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి విధించింది. పదేళ్ళ అనుభవం గలవాడికైనా కొత్త ఒప్పందపు తొలి ఏడాది జీతం సాధారణంగా జట్టు వేతన పరిమితిలో 35 శాతానికి మించరాదు. అగ్రశ్రేణి ఆటగాడు తెచ్చిపెట్టే గెలుపులకూ ఆదాయానికీ ఇది పూర్తి ప్రతిఫలం కాదు. పైగా జట్లన్నీ దాదాపు ఒకే స్థాయి జీతం ఇవ్వగలిగినప్పుడు, అతడిని ఆకర్షించేందుకు మిగిలేవి సహచరులు, శిక్షకుడు, నగరం వంటి అంశాలే. జీతంగా ఇవ్వలేనిదాన్ని జట్లు ప్రమేయంగా ఇస్తున్నాయని చెప్పవచ్చు.

మూడవది స్వల్పకాలిక ఒప్పందం. క్లీవ్‌లాండ్‌కు తిరిగివచ్చాక జేమ్స్ ఏడాదికే వైదొలగే వీలున్న ఒప్పందాలు చేసుకున్నాడు. అతడు నోరువిప్పి అడగకపోయినా, వెళ్ళిపోగలడన్న ఎరుకే యాజమాన్యాన్ని కదిలిస్తుంది.

3. ప్రయోజనాలు:
ఈ ప్రభావం వల్ల మేలు జరిగిన సందర్భాలున్నాయి. 2014లో క్లీవ్‌లాండ్ అదే ఏడాది ప్రథమ ఎంపికగా తీసుకున్న ఆండ్రూ విగ్గిన్స్‌ను వదులుకొని, అనుభవజ్ఞుడైన కెవిన్ లవ్‌ను తెచ్చుకుంది. 2016లో తన తొలి విజేతపీఠాన్ని గెలుచుకుంది. 2020 నవంబరులో మిల్వాకీ జట్టు జ్రూ హాలిడేను తీసుకుంది. మరుసటి నెలలో యానిస్ అంటెటోకౌంపో దీర్ఘకాలిక ఒప్పందానికి సమ్మతించాడు. 1971 తరువాత ఆ జట్టు మళ్ళీ విజేత అయినది 2021లోనే. తోటివారితోనూ ప్రత్యర్థులతోనూ నిత్యం ఆడేవాడికి, గణాంకాలలో కనబడని గుణాలు తెలుస్తాయి. ఎవరు ఒత్తిడిలో నిలుస్తారో, ఎవరు సాధనలో శ్రద్ధ చూపుతారో అతడికి తెలిసినంతగా కార్యాలయానికి తెలియకపోవచ్చు.

4. నష్టాలు:
2019లో కవాయ్ లెనార్డ్ క్లిప్పర్స్ జట్టులో చేరుతూ పాల్ జార్జ్‌ను తోడుగా కోరుకున్నాడని విస్తృతంగా వార్తలు వెలువడ్డాయి. జార్జ్ కోసం ఆ జట్టు ఓక్లహోమా సిటీకి షే గిల్జియస్-అలెగ్జాండర్, డానిలో గల్లినారీలతోపాటు ఐదు మొదటి రౌండు ఎంపిక హక్కులనూ, రెండు మార్పిడి హక్కులనూ ఇచ్చింది. క్లిప్పర్స్ తుదిపోరుకు చేరనే లేదు. 2024లో జార్జ్ ఫిలడెల్ఫియాకు వెళ్ళిపోయాడు. ఓక్లహోమా సిటీ 2025లో విజేత అయింది. ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడు గిల్జియస్-అలెగ్జాండర్. అదే జట్టులో కీలకపాత్ర వహించిన జాలెన్ విలియమ్స్ కూడా క్లిప్పర్స్ ఇచ్చిన హక్కుతో వచ్చినవాడే.

బ్రూక్లిన్ జట్టులో 2019లో కెవిన్ డురాంట్, కైరీ అర్వింగ్‌లతోపాటు వారి మిత్రుడు డియాండ్రే జోర్డన్ కూడా చేరాడు. 2021 జనవరిలో జేమ్స్ హార్డెన్ వచ్చాడు. 2023 ఫిబ్రవరి నాటికి ముగ్గురు అగ్రతారలూ వెళ్ళిపోయారు. ఆ కాలంలో ఆ జట్టు గెలిచిన ప్లేఆఫ్ పోరు ఒక్కటే.

5. తీర్పు దారితప్పడానికి కారణాలు:
పై ఉదాహరణలలో లోపం ఆటగాళ్ళ క్రీడాజ్ఞానానిది కాదు. ఫలానావాడు బాగా ఆడగలడా అన్నది ఒక ప్రశ్న. అతడికోసం ఎంత మూల్యం చెల్లించాలి అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి ఆటగాడు చక్కగా సమాధానమివ్వగలడు. రెండవదానికి వేతన నియమాలు, వయోభేదాలు, రాబోయే ఏళ్ళ ఎంపికలు అన్నీ లెక్కించాలి. పైగా ముప్ఫయ్యేళ్ళు దాటిన ఆటగాడికి ఈ ఏడాదే ముఖ్యం. జట్టుకు, అభిమానులకు పదేళ్ళ తరువాతి కాలం కూడా ముఖ్యమే. పొరపాటు జరిగితే అతడు మరో జట్టుకు వెళ్ళగలడు, నగరం వెళ్ళలేదు.

స్నేహం మరొక కారణం. 1988లో షికాగో జట్టు, మైకేల్ జోర్డన్‌కు ఆప్తుడైన చార్లెస్ ఓక్లీని ఇచ్చి బిల్ కార్ట్‌రైట్‌ను తీసుకుంది. జోర్డన్ అసంతృప్తి చెందాడు. అయినా 1991 నుండి 1993 వరకు వరుసగా మూడుసార్లు గెలిచిన జట్టుకు సెంటర్ కార్ట్‌రైటే.

6. స్వరం లేనివారు:
జట్టులో సాధారణ ఒప్పందంపై ఉండేవారు గరిష్ఠంగా 15 మంది. వారిలో ప్రభావం గలవారు ఒకరిద్దరే. 2019 ఆరంభంలో ఆంథొనీ డేవిస్ బదిలీ చర్చల వేళ లేకర్స్ యువ ఆటగాళ్ళ పేర్లు వారాలపాటు వార్తలలో నలిగాయి. తన కొలువు సహచరుడి ఇష్టంపై ఆధారపడి ఉందని భావించే ఆటగాడు శిక్షకుడి మాటకన్నా ఆ సహచరుడి మాటకే విలువ ఇస్తాడు. అప్పుడు శిక్షకుడి అధికారం నామమాత్రమవుతుంది.

అలాగని యాజమాన్యపు ఏకపక్ష నిర్ణయం శ్రేయస్కరమూ కాదు. 2025 ఫిబ్రవరిలో డాలస్ జట్టు లూకా డాన్చిచ్‌ను, అతడికి ముందుగా తెలియకుండానే, లేకర్స్‌కు పంపింది. అభిమానుల ఆగ్రహం చల్లారలేదు. ఆ నిర్ణయం తీసుకున్న జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను అదే ఏడాది నవంబరులో తొలగించారు.

7. ముగింపు:
- అగ్రశ్రేణి ఆటగాడి ప్రభావం కేవలం అహంకారఫలం కాదు. ఆట స్వభావం, ఒప్పంద స్వేచ్ఛ, జీతాల గరిష్ఠ పరిమితి దానికి మూలాలు.
- సమాచారం పొందడం, సంప్రదింపులో పాల్గొనడం, నిర్ణయించడం అనే మూడింటిని వేరుచేసి చూడాలి. మొదటి రెండూ అతడికి దక్కవలసినవి. మూడవది ఫలితానికి దీర్ఘకాలం జవాబుదారీ వహించేవారి వద్దనే ఉండాలి.
- ఆటగాడి గుణదోషాల విషయంలో అతడి అభిప్రాయానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. చెల్లించవలసిన మూల్యం విషయంలో తక్కువ. భవిష్యత్ ఎంపిక హక్కులను ధారపోసే బదిలీలలో ఈ జాగ్రత్త మరింత అవసరం.
- 2023 ఒప్పందం ప్రకారం, వేతన వ్యయం అత్యధిక హద్దును దాటిన జట్లు పలువురి జీతాలను కలిపి ఒక ఖరీదైన ఆటగాడిని తెచ్చుకోలేవు. పొరపాటును దిద్దుకునే దారులు ఇరుకైనందువల్ల, అగ్రతార కోరికను వినడంతోపాటు అవసరమైతే కాదనగల ధైర్యం కూడా నేటి యాజమాన్యానికి ఉండాలి.