బిళ్ళగన్నేరు: దాని పేర్ల పూర్వోత్తరము

నిరుడు తొలకరికి ముందు మేమొక గ్రామ సహకార సంఘమున కూర్చుండియుండగా, సభ్యుడగు ఒక రైతు రెండు కాగితపు ముక్కలు మాచేతికిచ్చెను. మందువేళ్లు కొను వర్తకుడొకడు "వింకా రోజియా" కావలెననియు, మరియొకడు "కాథరాంథస్ రోజియస్" కావలెననియు వ్రాసియిచ్చిరట. "అయ్యా, ఈ రెంటిలో నేది మంచి ధర పలుకును? దేని విత్తనము తెప్పించుకొమ్మందురు?" అని యాతడడిగెను. రెండును మీ పెరటిలోని బిళ్ళగన్నేరే యని చెప్పగా నాతడు నమ్మలేదు. నమ్మకపోవుట తప్పును గాదు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో మేమును వీనిని వేర్వేరు మొక్కలుగా నెంచి, ఒక రైతుచేత లేని విత్తనమును మూడు నెలలు వెదకించినవారమే.

ఈ మొక్కకు పుట్టినిల్లు మన దేశము గాదు. ఆఫ్రికాకు తూర్పున హిందూ మహాసముద్రములోనున్న మడగాస్కరు ద్వీపము. అచ్చటి విత్తనములు మొదట పారిసులోని ఫ్రాన్సు రాజుగారి తోటకును, అటనుండి లండను నగరపు చెల్సియా ఔషధవనమునకును చేరెను. ఆ వనమునకు పెద్దయగు ఫిలిప్ మిల్లరు దానిని పెంచి పటము ప్రకటించెను. 1759లో స్వీడను దేశస్థుడగు లిన్నేయసు పండితుడు దానికి వింకా రోజియా యని పేరిడెను.

ఆ పండితుని పద్ధతి తెలుగువారికి వింతగాదు. ముందు ఇంటిపేరు, వెనుక సొంతపేరు. దొరలు తమకు ఇంటిపేరు చివర పెట్టుకొందురుగాని మొక్కలకు మాత్రము మనవలెనే పెట్టిరి! ఇందు వింకా యనునది ఇంటిపేరు. రోజియా యనగా గులాబివన్నె గలది.

చిక్కంతయు ఆ ఇంటిపేరుతోనే వచ్చినది. వింకా యనునది ఐరోపాలో చెట్లనీడను నేలబారుగా ప్రాకుచు నీలిపూలు పూయు తీగ. రెంటికిని ఐదేసి రేకులుండుటయు, అవి మొగ్గలో మెలితిరిగియుండుటయు నిజమే. కాని మన మొక్క ఎండలో నిటారుగా మోకాలెత్తు పెరుగును. పూవు గొట్టము సన్నము, దాని నోరు ఇరుకు. 1828లో రైఖెన్‌బాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని వేరుకాపురము పెట్టి లోఖ్నెరా యని ఇంటిపేరు మార్చెను. అయితే 1777లోనే స్కొపోలి యను నాయన వేరొక మొక్కకు లోఖ్నెరియా యని పెట్టియుండెను. ఒకే గ్రామమున ఒకే పేరుగల ఇద్దరు పట్టాదారులుండిన శిస్తు రసీదులలో నెంత తికమకయో మన కెరుకయే. మొక్కల శాస్త్రమునందు అట్టి తగవులలో ముందు పెట్టిన పేరే నిలుచును. కనుక రైఖెన్‌బాఖ్ పెట్టిన పేరు చెల్లదయ్యెను. 1837లో జార్జి డాన్ అను స్కాట్లండు దేశస్థుడు కాథరాంథస్ అను పేరు పెట్టెను. గ్రీకుభాషలో నిర్మలమైన పూవని యర్థము. అయినను నూరేండ్లకు పైగా ఒక్కొక్క గ్రంథము ఒక్కొక్క పేరు వాడుచు వచ్చెను. 1966లో విలియం స్టెర్న్ అను పండితుడు పాత పుస్తకములన్నియు పరిశీలించి డాన్ పెట్టినదే సరియని తేల్చెను. నేడు శాస్త్రజ్ఞులందరును దానినే వాడుచున్నారు.

మన పెద్దలు ఈ పుస్తకములేవియు చూడకయే దీనిని గన్నేరులలో చేర్చిరి. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు అన్నియు శాస్త్రరీత్యా ఒక్క కుటుంబములోనివే. గన్నేరుపప్పు తిన్న ప్రాణము నిలువదని పల్లెలో నెరుగనివారు లేరు, బిళ్ళగన్నేరును విషపుమొక్కయే.

ఈ మాట ఎందులకనగా, మధుమేహమునకు దీని యాకుల కషాయము త్రాగువారు నేటికిని గలరు. జమైకా దీవిలోను ఈ వాడుక యుండెను. అచ్చటి యాకులను కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షింపగా, చక్కెర తగ్గకపోగా రక్తములోని తెల్లకణములు క్షీణించెను! ఆ జాడ పట్టుకొని 1958లో విన్‌బ్లాస్టిన్ అను మందును వేరుచేసిరి. ఆ వెనుక వచ్చిన విన్‌క్రిస్టిన్ పసిబిడ్డల రక్తపు క్యాన్సరునకు గొప్ప మందయినది. గ్రాము మందునకు వందలకొలది కిలోల యెండుటాకు కావలెను. అట్టి సరుకును ఇంట కాచి త్రాగువాడు తన రక్తముతో చెలగాటమాడుచున్నాడు. తమాషా యేమనగా, ఈ మందుల పేర్లలో "విన్" అనునది ఆ తప్పు ఇంటిపేరు మిగిల్చిన తునక. ఐరోపా వింకాలో ఈ మందులు లేనేలేవు.

అమ్మకమునకు సాగుచేయువారు మరియొకటి గమనింపవలెను. ఎఱ్ఱపూలది, తెల్లపూలది, తెల్లపూవు నడుమ ఎఱ్ఱబొట్టు గలది మూడును ఒకే జాతి. కాని మన చేలలో సన్నని యాకులతో చిన్న తెల్లపూలు పూయు కలుపుమొక్క యొకటి కలదు. దాని పేరు కాథరాంథస్ పుసిల్లస్. దీని జ్ఞాతులన్నియు మడగాస్కరువి కాగా, ఇదొక్కటియే మన దేశమునకును సింహళమునకును చెందినది. ఇంటిపేరు ఒకటైనను సొంతపేరు వేరు. కట్టలలో నిది కలిసిన కల్తీసరుకే యగును. కావున ఒప్పందపు కాగితముమీద రెండు పేర్లును పూర్తిగా వ్రాయించుకొని, కొనునది వేరో ఆకో, ఏ రంగు పూవుదో కూడ చేర్పించుకొనుడు.

ఆ రైతు మా మాట విని, రెండు కాగితములపైనను బిళ్ళగన్నేరని తెలుగున వ్రాసికొని, ధరలు పోల్చిచూచి, వింకా యని తప్పుగా వ్రాసిన వర్తకునితోనే ఒప్పందము చేసికొనెను.