అలాస్కా తీరమునకు ఓడ ప్రయాణము

చిక్కడపల్లిలో, నారాయణగూడలో, అశోక్‌నగర్‌లో నలుగురు పెద్దలు కూడినచోట అమెరికాలోని పిల్లల ప్రసంగము రాక మానదు. త్యాగరాయ గానసభలో కచేరి ముగిసిన పిమ్మట వాకిట నిలిచి మాటలాడుకొను దంపతులలో పలువురు ఒక వేసవియైనను సముద్రముల కావల గడపి వచ్చినవారే. ఇటీవల వారి మాటలలో అలాస్కా యను పేరు తరచుగా వినవచ్చుచున్నది. కొడుకో కూతురో టిక్కెట్లు కొనగా, సియాటిల్ రేవున ఓడ నెక్కి, ఏడు రాత్రులు ఉత్తరతీరమున విహరించి వచ్చుచున్నారు. ఏమి చూచితిరని యడిగినచో "అంతయు మంచు" అని యొక్క మాటతో ముగించి, ఓడలోని భోజనశాలను గూర్చి అరగంట వర్ణించుట మేము పలుమార్లు వింటిమి. ఆ మంచును గూర్చియే ఇచ్చట కొంత చెప్పదలచితిమి.

అలాస్కాను అమెరికా 1867లో రష్యా వద్ద 72 లక్షల డాలర్లకు కొన్నది. దాని ఆగ్నేయభాగము కెనడా అంచు వెంట తోకవలె దిగివచ్చినది. అచ్చట వేయికి పైగా దీవులు, వాని నడుమ సన్నని జలమార్గములు కలవు. ఓడలు పోవునది ఆ మార్గముననే. రాష్ట్ర రాజధానియైన జూనో పట్టణమునకు బయటినుండి రోడ్డు లేదు. ఓడపై పోవలెను, లేదా విమానమున దిగవలెను. రాజధానికి బస్సు లేదన్న మాటకు నారాయణగూడ చౌరస్తాలో నిలిచినవారు నవ్వవచ్చును. కాని పట్టణమునకు వెనుక కొండలు, కొండలపై మహాహిమక్షేత్రము ఉండగా రోడ్డు ఎటు వేయుదురు? జూన్ మాసమున అచ్చట పగలు 18 గంటలు. సూర్యుడు రాత్రి పది గంటలకు గాని అస్తమింపడు. సంధ్యావందనమునకు ఆకాశమును విడిచి గడియారమును నమ్ముకొంటినని ఒక పెద్దమనిషి మాతో చెప్పెను.

కొండలపై ఏటేట పడిన మంచు తన బరువుచే తానే నొక్కుకొని గట్టిపడి, మెల్లగా పల్లమునకు జారును. అదియే హిమానీనదము. గట్టిపడిన ఆ మంచు వెలుతురులోని ఎరుపును మ్రింగివేయుటచే మిగిలిన నీలిమ కంటికి తోచును. నదీముఖము సముద్రమును చేరినచోట పెద్దపెద్ద పెళ్లలు విరిగి నీటబడును. కన్ను మొదట చూచును. ఉరుము వంటి మ్రోత కొన్ని క్షణములకు గాని చెవి సోకదు.

గ్లేసియర్ బే యను అఖాతము కథ వినదగినది. 1794లో వాంకూవర్ దళమువారు వచ్చినప్పుడు అచ్చట అఖాతమే లేదనవచ్చును. తీరమున అయిదు మైళ్ల నొక్కు, దానివెనుక మంచుగోడ మాత్రమే యుండెను. 1879లో జాన్ మ్యూర్ త్లింగిట్ జాతివారి పడవలో వచ్చునాటికి ఆ గోడ నలువది మైళ్లకు పైగా వెనుకకు పోయియుండెను. నేడు ఓడ అరువది మైళ్లు లోనికి పోయిన గాని మంచుగోడ ఎదురుపడదు. ఈ తొలి తిరోగమనమునకు నేటి పొగగొట్టములు కారణమనరాదు; అప్పటికి అవి లేవు. కాని ఇప్పుడు అలాస్కా హిమానీనదములలో అధికభాగము క్షీణించుటకు భూతాపమే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ మంచు ముందుకు వచ్చిన కాలమున, పదునెనిమిదవ శతాబ్దములో, హూనా త్లింగిట్ ప్రజల ఊళ్లు దాని క్రింద పడెను. వారు దూరముగా పోయి బ్రతికిరి. 2016లో ఆ అఖాతపు ఒడ్డుననే వారి కులగృహమును తిరిగి నిలిపిరి. ఖాళీ ప్రదేశమును చూడబోవుచున్నామని మనవారు తలపకుందురు గాక.

జూనో ప్రజలకు మంచు కరగుట వినోదము కాదు. ఊరి చేరువ మెండెన్‌హాల్ హిమానీనదము ప్రక్కలోయలో మంచు కరగి గుంట యేర్పడినది. వానయు కరగిన నీరును అందు నిండి, వేసవి చివర మంచు క్రిందుగా త్రోవ చేసికొని ఒక్కసారిగా నదిలోనికి దుముకును. 2023 ఆగస్టులో ఒడ్డు కోసికొనిపోయి ఇండ్లు నదిలో కూలెను. 2024 ఆగస్టులో మరల వందలకొలది ఇండ్లలో నీరు చేరెను. 1908 నాటి మూసీ వరద కథలు తాతల నోట విన్నవారికి దీనిని విడమరచి చెప్ప నక్కరలేదు.

ఇక ఒక ముఖ్యవిషయము. సియాటిల్‌నుండి పోవు పెద్ద ఓడలలో దాదాపు అన్నియు విదేశీయ పతాకము గలవి. 1886 నాటి అమెరికా చట్టము ప్రకారము అట్టి ఓడ, బయలుదేరిన రేవునకే తిరిగివచ్చునపుడు, నడుమ నొక పరదేశపు రేవును తాకవలెను. అందుచే కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగును. కావున భారత పాస్‌పోర్టుతో సందర్శకులుగా పోయినవారికి కెనడా వీసా కావలెను. అమెరికా వీసాయు పలుమార్లు ప్రవేశమునకు చెల్లునదై యుండవలెను. మా యెరుకలోని అశోక్‌నగర్ దంపతులు ఈ సంగతి రేవులో పెట్టెలు దింపిన పిదప తెలిసికొనిరి. గ్రీన్‌కార్డు గల కొడుకునకు అడ్డులేదు, మనుమలకు అడ్డులేదు; వీరిద్దరికే వీలులేదనిరి. తాతను, నాయనమ్మను విడిచి ఎక్కమని పిల్లలు మొండికెత్తగా అందరును ఇంటికి మరలిరి. కొడుకు నేటికిని ఆ మాట యెత్తనీయడట. వీసాకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును గనుక హైదరాబాదు విడుచుటకు ముందే ఆ పని చూచుకొనుట మేలు.

కెచికాన్ పట్టణమున ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా వాన కురియును. మంకీ క్యాపుతో పాటు రెయిన్‌కోటు తప్పనిసరి. మంచుగోడ ముందు ఓడ దాదాపు గంటసేపు నిలిచి, అన్ని వైపులవారికి కనబడునట్లు మెల్లగా తిరుగును. ఆ సమయమున భోజనశాలయు తెరచియే యుండును. అటు తరువాత పోవచ్చును.