నూరేళ్లు నిండకుండానే

సికింద్రాబాద్ కంటోన్మెంటుకు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన ఇంగ్లిష్ కుర్రాళ్లలో చాలామంది శత్రువు ముఖం చూడకుండానే పోయారు. వాళ్లను మింగింది తూటా కాదు. జ్వరం, రక్త విరేచనాలు, కలరా, కాలేయ జబ్బు.

దేశం మొత్తం మీద తెల్ల సైనికుల లెక్క ఇది: 1817 నుంచి 1857 దాకా ఏటా వెయ్యికి 69 మంది మరణించారు. అదే వయసు సామాన్యులు ఇంగ్లండ్‌లో వెయ్యికి 9 మందే పోయేవారు. ఒకే ఊళ్లో పుట్టి, ఒకే తిండి తిని పెరిగినవాళ్లే. ఓడెక్కిన పాపానికి చావు ఏడు రెట్లకు పైగా పెరిగింది.

ఇక్కడి ఎండ పడదు, అంతే అని అధికారులు చేతులు దులుపుకునేవారు. ఆ మాట ఒప్పుకోని మనిషి ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె భారతదేశంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. 1859లో భారత్‌లోని సైన్యం ఆరోగ్యంపై రాయల్ కమిషన్ ఏర్పడ్డాక స్థావరాలన్నిటికీ అచ్చువేసిన ప్రశ్నపత్రాలు వెళ్లాయి. తాగునీరు ఎక్కడిది? మురుగు ఎటు పోతుంది? బ్యారక్‌లో ఒక్కో మనిషికి ఎంత జాగా? సారా ఎంత పోస్తున్నారు? సికింద్రాబాద్ నుంచీ జవాబులు చేరాయి. లెక్కల్లో ఆమెకు కుడిభుజం విలియం ఫార్. ఆయన కొలబద్ద సులువైనది. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఆరోగ్యకరమైన జిల్లాల్లో ఏటా వెయ్యికి 17 మంది పోతుంటే, మరెక్కడైనా దానికి మించిన ప్రతి చావూ ఆపదగ్గదే. అకాల మరణాన్ని కొలిచే నేటి పద్ధతులన్నిటికీ మూలం ఈ ఆలోచనే అని నా అభిప్రాయం. ఒక్క ఇంటి చావును చూస్తే తలరాత అనిపిస్తుంది. రెండు ఊళ్ల చావులు పక్కపక్కన పెడితే ఎవరి నిర్లక్ష్యమో బయటపడుతుంది.

1863లో కమిషన్ నివేదిక వచ్చింది. పదేళ్లకు, 1873లో, మరణాలు వెయ్యికి 18కి దిగాయని నైటింగేలే లెక్క చెప్పింది. ఎండ మారలేదు. బావులు, కాలువలు, బ్యారక్‌లు మారాయి. ఆ శ్రద్ధలో లష్కర్ బజారు కూలీకి దక్కింది మాత్రం తక్కువే. సిపాయి చస్తే సర్కారుకు నష్టం, కూలీ చస్తే ఎవరికి?

మలేరియా జ్వరం గుట్టు తెలిసింది కూడా ఈ సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు, బేగంపేట ఆస్పత్రి. పంకా ఊపితే కోసిపెట్టిన దోమ ఎగిరిపోతుందని వైద్యుడు రోనాల్డ్ రాస్ ఉక్కపోతలోనే కూర్చున్నాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, దానికి మిగిలిన ఒక్క ఐపీస్‌కూ పగులు పడింది. హుసేన్ ఖాన్ అనే రోగి దోమలకు ఒళ్లు అప్పగించాడు, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున. ఆ నెల 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనిపించింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కు అణాలు ముట్టాయి.

ఫార్ కొలబద్దతో తర్వాతి కాలపు యూరప్‌ను చూస్తే ఫిన్లాండ్, రష్యాల జంట కళ్లు తెరిపిస్తుంది. ఇరుగుపొరుగు దేశాలు, ఒకే రకం అడవులు, ఒకే చలి. 1960ల నడుమ రెండుచోట్లా మగవాళ్ల సగటు ఆయుర్దాయం ఇంచుమించు 65 ఏళ్లు. ఫిన్లాండ్ తూర్పున నార్త్ కరేలియాలో నడివయసు మగవాళ్లు గుండెపోటుతో పిట్టల్లా రాలిపోయేవారు. 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి బృందం వెన్న, ఉప్పు, సిగరెట్ మీద యుద్ధం ప్రకటించింది. ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. మహిళా సంఘాలతో కలిసి కొత్త వంటలు నేర్పారు, సాసేజ్ తయారీదారులతో కొవ్వు తగ్గించమని బేరమాడారు, పాడి రైతులను బెర్రీ సాగుకు మళ్లించారు. నలభై ఏళ్లలో అక్కడ పనిచేసే వయసు మగవాళ్ల గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. రష్యాలో వోడ్కా రాజ్యమేలింది. 1985లో గోర్బచేవ్ మద్యానికి కళ్లెం వేస్తే ఆయుర్దాయం కొంత పెరిగింది, కళ్లెం వదలగానే పడింది. 1994 నాటికి రష్యా మగవాడి సగటు ఆయుష్షు 58 కూడా లేదు, ఫిన్లాండ్‌లో దాదాపు 73. ముప్పై ఏళ్లలో పదిహేనేళ్ల తేడా!

మన సంగతి? ఏడాది నిండని పసికందుల మరణాలు 2020లో వెయ్యి జననాలకు కేరళలో 6, తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. దేశ సగటు 28 కన్నా మేలే కదా అని మన నాయకులు మురుస్తారు. ఫార్ అయితే కేరళ లెక్కను మన లెక్క పక్కన పెట్టి నిలదీసేవాడు.

పెద్దవాళ్ల చావుల గురించి గోదావరి పల్లెలు రెండు దశాబ్దాల క్రితమే చెప్పాయి. 2003-04లో 45 గ్రామాల్లో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణం గురించీ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. ఛాతీలో నొప్పి వచ్చిందా? చెయ్యి పడిపోయిందా? ఎన్నాళ్లు మంచాన ఉన్నాడు? ఆ జవాబులను వైద్యులు పరిశీలించారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలవి 12 శాతమే. బీపీ, షుగర్ పట్నం వాళ్ల రోగాలన్న భ్రమ అక్కడితో పోవాల్సింది. పోయిందా? ముప్పై ఏళ్లు దాటిన మనిషి డెబ్బై నిండేలోగా గుండెజబ్బు, క్యాన్సర్, షుగర్, ఊపిరితిత్తుల జబ్బుల్లో ఏదో ఒకదానికి బలయ్యే అవకాశం 2019 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో భారత్‌లో సుమారు 22 శాతం. బ్రిటన్‌లో 10 శాతానికి కాస్త పైన.

అసలు చిక్కు వేరే ఉంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో, కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి నూటికి 23 లోపే. మిగతావన్నీ 'ఉన్నట్టుండి పోయాడు' ఖాతాలోకే. నైటింగేల్ నూట అరవై ఏళ్ల కిందట సిపాయిల గురించి అడిగిన ప్రశ్నలు మన ఇళ్ల గురించి అడిగేవారే లేరు.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. ఇంట్లో ఎవరైనా పోతే ఆ దుఃఖంలోనూ, చివరిసారి చూసిన డాక్టరును మరణ కారణ ధ్రువపత్రం అడగండి. చట్టం ప్రకారం దానికి రుసుము లేదు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించండి.