సేవ్ చేసిన గేమ్ మళ్లీ తెరిస్తే లైఫ్‌లు ఎందుకు మారిపోతాయి? అసలు సంగతి ఇదీ!

రాత్రి ఒక్క లైఫ్ మిగిలి ఉండగా గేమ్ సేవ్ చేసి పడుకుంటారు. పొద్దున తెరిస్తే ఐదు కనిపిస్తాయి. ఇంకో గేమ్‌లో పది హార్ట్‌లు నిండుగా ఉన్నా, మళ్లీ తెరిచేసరికి మూడే మిగులుతాయి. ఫోన్ ఖరాబైందా? గేమ్‌లో వైరస్ ఉందా? హైదరాబాద్‌లో ఆడే పిల్లలకైనా, మంచిర్యాల జిల్లా చెన్నూరులో ఆడే పిల్లలకైనా వచ్చే డౌటే ఇది. చాలాసార్లు ఇందులో ఫోన్ తప్పేమీ ఉండదు.

సేవ్‌లో ఏముంటుంది?

సేవ్ నొక్కగానే స్క్రీన్ మీద ఉన్నదంతా ఫొటో తీసినట్టు దాచేస్తుందని చాలామంది అనుకుంటారు. గేమ్ దాచుకునేది ఒక చిట్టా మాత్రమే. ఏ లెవల్ దాటారు, ఏ తాళంచెవి దొరికింది.. ఇలా అందులో ఏం రాయాలో గేమ్ తయారు చేసినవాళ్లు ముందే నిర్ణయిస్తారు. గేమ్ తెరవగానే లెక్కలన్నీ మొదట కొత్త ఆటలో ఉన్నట్టే మొదలవుతాయి. ఆ తర్వాత చిట్టాలో ఉన్నవి వచ్చి వాటి చోట కూర్చుంటాయి. లైఫ్‌ల సంఖ్య చిట్టాలో లేకపోతే, కొత్త ఆటకు ఎన్ని ఇస్తారో అన్నే వస్తాయి. కిరాణా దుకాణం ఖాతా పుస్తకంలో ఉద్దెర రాస్తారు కానీ గల్లాలో మిగిలిన చిల్లర రాయరు కదా, అలాగన్నమాట.

క్యాసెట్ల కాలం నుంచే..

టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్‌లు చాలామందికి గుర్తే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో సేవ్ అనేదే లేదు. కరెంటు పోతే ఆట మొదటికే. 1987లో అమెరికాలో క్యాసెట్‌గా వచ్చిన ద లెజెండ్ ఆఫ్ జెల్డాలో లోపల చిన్న బ్యాటరీ పెట్టి, ఆట వివరాలు దాచే వీలు కల్పించారు. దొరికిన వస్తువులు అలాగే ఉండేవి. కానీ మళ్లీ మొదలుపెడితే మూడు హార్ట్‌లే నిండి ఉండేవి. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్ దాటిన లెవల్స్‌ను గుర్తుంచుకునేది, లైఫ్‌లు మాత్రం ఐదుకే వచ్చేవి. 1996 నాటి సూపర్ మారియో 64లో స్టార్లు భద్రంగా ఉండేవి, లైఫ్‌లు నాలుగుతో మొదలయ్యేవి.

అప్పట్లో మెమరీ చాలా తక్కువ, నిజమే. అయితే లైఫ్‌ల సంఖ్యకు ఒక్క బైట్ సరిపోతుంది. అంటే కారణం జాగా ఒక్కటే కాదు.

ప్రాణం పోయే చోట సేవ్ చేస్తే?

హెల్త్ చివరి గీతకు వచ్చింది. ఎదురుగా శత్రువు. సరిగ్గా అప్పుడే సేవ్ పడింది. ఇక ఎన్నిసార్లు తెరిచినా రెండు సెకన్లలో చావే. ఉన్నది ఒక్కటే సేవ్ అయితే నెలల ఆట వృథా! ఈ చిక్కు రాకుండా కొన్ని గేమ్‌లు హెల్త్ నింపి ఇస్తాయి. కొన్ని వెనకటి చెక్‌పాయింట్‌కు తీసుకెళ్తాయి. 2002 నాటి జీటీఏ వైస్ సిటీలో మిషన్ మధ్యలో సేవ్ కుదరదు. సొంత స్థావరంలో క్యాసెట్ గుర్తు దగ్గరకు వెళ్తేనే అవుతుంది.

అన్ని గేమ్‌లూ ఇలా ఉండవు. 1998 నాటి హాఫ్ లైఫ్‌లో ఎక్కడైనా సేవ్ చేయొచ్చు, హెల్త్ ఎంత ఉంటే అంతే దాస్తుంది. ఇలాంటి వాటిలో రెండు మూడు వేర్వేరు సేవ్‌లు పెట్టుకోవడమే మంచిది.

ఆన్‌లైన్‌లో లెక్కే వేరు

బీజీఎంఐ లాంటి గేమ్‌లలో మ్యాచ్ లెక్క అంతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. సిగ్నల్ పోయి తిరిగి వచ్చినా హెల్త్ నిండదు. ఆ మధ్యలో ఎవరైనా కాలిస్తే ఇంకా తగ్గుతుంది. క్యాండీ క్రష్ సాగాలో ఐదు లైఫ్‌లు అయిపోతే ఒక్కో లైఫ్‌కు 30 నిమిషాలు ఆగాలి. గేమ్ మూసి తెరిచినంత మాత్రాన రావు. ఆ ఎదురుచూపును డబ్బుగా మార్చుకోవడమే ఇలాంటి గేమ్‌ల వ్యాపారం.

'అన్‌లిమిటెడ్ లైఫ్స్' వలలో పడొద్దు

అసలు ప్రమాదం ఇక్కడే. లైఫ్‌లు ఆగకుండా వస్తాయంటూ మెసేజింగ్ గ్రూపుల్లో ఏపీకే ఫైళ్లు తిరుగుతుంటాయి. సర్వర్‌లో ఉన్న లెక్కను మన ఫోన్‌లోని ఫైల్ మార్చలేదు. కానీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి ఇస్తే, బ్యాంకు ఓటీపీలు అవతలివాళ్ల చేతికి చిక్కుతాయి. పిల్లలు ఆడేది అమ్మానాన్నల ఫోన్‌లో, అందులోనే యూపీఐ కూడా ఉంటుందన్నది మరిచిపోవద్దు. డబ్బు పోతే వెంటనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. ఎంత ఆలస్యమైతే డబ్బు ఆపడం అంత కష్టం.

లోపమా, పద్ధతా? ఇలా తేల్చుకోండి

గేమ్ మూసే ముందు లెవల్, కాయిన్లు, లైఫ్‌లు ఎన్నున్నాయో కాగితం మీద రాసుకోండి. తిరిగి తెరిచి పోల్చండి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. లైఫ్‌లు ప్రతిసారీ ఒకే అంకెకు వస్తుంటే అది ఆ గేమ్ పద్ధతి కావచ్చు. లెవల్ కూడా వెనక్కి పోతే ఫైల్ దెబ్బతిని ఉండొచ్చు, లేదా ఆన్‌లైన్‌లో దాచిన పాత సేవ్ తెరుచుకుని ఉండొచ్చు. ఫోన్‌లోది ఉంచాలా, ఆన్‌లైన్‌లోది తీసుకోవాలా అని గేమ్ అడిగితే తేదీ చూశాకే నొక్కండి. తొందరపడి నొక్కితే కొత్త సేవ్ మీద పాతది పడిపోతుంది. అలా పోయిన ఆటను వెనక్కి తేవడం చాలా కష్టం.