గాలిలో కావడి

గన్నవరంలో లేచిన చిన్న సెస్నా విమానం తెనాలి దాటింది. కింద పచ్చటి పొలాలు, కాలువలు. ఎదురుగా బాపట్ల, ఆ పక్కనే సూర్యలంక తీరం. అక్కణ్నుంచి ఎడమకు తిరిగితే రేపల్లె, కృష్ణమ్మ మీద పెనుమూడి వంతెన.

ఇదంతా కంప్యూటర్ తెర మీదే! 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ప్రపంచమంతా ఉంది. మన ఊళ్లూ ఉన్నాయి. కానీ కొత్తవారికి వాటిని చూసే తీరికేదీ? విమానం ముక్కు వాలుతోందని జాయ్‌స్టిక్ లాగుతారు. వదిలితే మళ్లీ వాలుతుంది. బాపట్ల చేరేసరికి చెయ్యి పీకేస్తుంది.

దీనికి మందు ‘ట్రిమ్’. కావడి మోసే మనిషిని చూడండి. ఒకవైపు బరువెక్కువైతే దాన్ని చేత్తో ఎత్తిపట్టుకుని నడవడు. బద్దను భుజం మీద కాస్త జరుపుతాడంతే. సెస్నాలో పైలట్ పక్కనుండే చిన్న చక్రం చేసేదీ అదే. దాన్ని తిప్పితే తోక అంచున ఉన్న చిన్న పలక కదులుతుంది. చెయ్యి మోయాల్సిన ఒత్తిడిని గాలే మోస్తుంది.

అయితే ట్రిమ్‌తో విమానాన్ని నడపకూడదు. ముందు స్టిక్‌తో ముక్కు నిలపాలి. ఇంజిన్ శక్తి సరిచేయాలి. వేగం కుదురుకున్నాక, చేతికి ఒత్తిడి తెలియనంతవరకు చక్రం తిప్పాలి. వేగం మారితే మళ్లీ మొదటికే!

ఎక్స్‌ప్లేన్‌తో వచ్చే ప్లేన్ మేకర్‌లో సొంత విమానాలు తయారుచేసేవారికీ ఇది పరీక్షే. ట్రిమ్ పరిధి చాలకపోతే దిగేటప్పుడు ముక్కు నిలవదు. చక్రం పూర్తిగా తిప్పినా నిలవకపోతే, బరువు సరైన చోట ఉందో లేదో చూడాలి.

ఆటే కదా అనుకోవద్దు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. సెన్సర్ ఇచ్చిన తప్పుడు సమాచారాన్ని నమ్మిన సాఫ్ట్‌వేర్, ముక్కు దిగేలా ట్రిమ్‌ను పదేపదే కదిపింది. అతి వేగంలో ఆ చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పడం ఎంత కష్టమో పైలట్ల శిక్షణ సిమ్యులేటర్లు సరిగ్గా చూపలేదని ఆ తర్వాత తేలింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దినట్టు బోయింగ్ 2019 మేలో ప్రకటించింది.

ఉత్తుత్తి విమానమైనా నిజమే నేర్పాలి మరి. ట్రిమ్ కుదిరిందా... రేపల్లె దగ్గర చెయ్యి వదిలేసినా ముక్కు వాలదు. పెనుమూడి వంతెనను తీరిగ్గా చూడొచ్చు!