పూటకూళ్లవారి వీలునామాలు

పూటకూటియింటి ఆస్తి గంగాళములు, గుండిగలు, వాడుకగా వచ్చువారి నమ్మకము. వీనిని మరణశాసనమున వ్రాయుటకు 1956 వరకు మితాక్షర న్యాయము విధించిన కట్టుబాట్లు విచిత్రములు.

తాతనాటి సొమ్ముతో నడచు సమష్టి కుటుంబపు భోజనశాలను తండ్రి వీలునామాతో ఒక కుమారునికే యీయజాలకుండెను, స్వార్జితమైనచో అడ్డులేదు. కావున మొదటి పెట్టుబడి యెవరిదను ప్రశ్నయే వ్యాజ్యములకు మూలమగుచుండెను. పద్దులు లేనిచోట మాబోటి న్యాయవాదులకే లాభము!

వితంతువగు పూటకూళ్లమ్మ సంగతి వేరు. భర్తనుండి సంక్రమించిన యింటిపై ఆమెకు పరిమిత హక్కే. దానిని వీలునామాలో వ్రాసినను చెల్లదు. వైధవ్యమున తన చేతివంటతో ఆర్జించినది మాత్రము స్త్రీధనము. దానిని కోరినవారికి వ్రాయవచ్చును. భర్త జీవించియుండగా ఆమె వండి గడించిన సొమ్ముపై అతని కధికారము కలదు. చేయి యొక్కటే, వంట యొక్కటే. ఈ భేదము మాకెన్నడును న్యాయముగా తోచలేదు.

వ్రాత విషయమునను తేడా యుండెను. 1870 నాటి చట్టము మద్రాసు నగరమున సంతకమును, ఇద్దరు సాక్షులను కోరినది. ఈ నియమము 1927 నుండి అంతటికిని వ్యాపించినది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము వితంతువు స్వాధీనమందున్న యాస్తిపై ఆమెకు సంపూర్ణ హక్కును, సమష్టి ఆస్తిలో తన భాగమును వీలునామాగా వ్రాయు నధికారమును పురుషునకు నిచ్చినది.